చుక్కలు చూద్దాం రండి!

"ఎందుకమ్మా మీకు అర్ధరాత్రి ఈ పాట్లు? సార్‌ని పంపండి. ఆయన చూసొచ్చి చెబుతారుగా!"

మా అపార్ట్‌మెంటు సెక్రటరీగారు ఈ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో వెటకారం లేదు. పాపం, నిజంగానే నా శ్రమ తగ్గిస్తున్నాననుకున్నారు. నేనడిగిందల్లా టెర్రస్ తాళంచెవి. అది 2023 డిసెంబరు 14, గురువారం. ఆ రాత్రి పన్నెండు దాటాక మా అమ్మాయిని తీసుకుని పైకెళ్ళి ఉల్కలు రాలడం చూడాలని నా ముచ్చట. గుంటూరులో మేముండే అపార్ట్‌మెంటులో రాత్రి తొమ్మిది కొట్టేసరికి టెర్రస్‌కి తాళం పడుతుంది. కుర్రాళ్ళు పైకి చేరి సిగరెట్లు కాలుస్తున్నారని ఎప్పుడో పెట్టిన రూలు.

'చూసొచ్చి చెబుతారు' అన్న దగ్గర నాకు చురుక్కుమంది. ఆ మాట నేను వినడం అది రెండోసారి మరి!

మొదటిసారి విన్నప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 2001 నవంబరు. రేపల్లె దగ్గర మా ఊరు. ఆ నెల 18వ తేదీ అర్ధరాత్రి దాటాక లియోనిడ్ ఉల్కలు వానలా కురుస్తాయని పేపర్లో వేశారు. మా సైన్సు మాస్టారు ఆ కాగితం ముక్క క్లాసుకి తెచ్చి చదివి వినిపించారు కూడా. ఇంటర్ చదివే అన్నయ్యా నేనూ డాబా మీద చాపలేసుకుని రాత్రంతా మేలుకుని చూడాలని పథకం వేసుకున్నాం. సాయంత్రానికి నాన్న తేల్చేశారు. "ఎదిగిన పిల్లవి, అర్ధరాత్రి డాబా మీదేంటి నీకు? వాడు వెళ్తాడులే. చూసొచ్చి చెబుతాడు." అమ్మ నావైపు ఓసారి చూసి, తలొంచుకుని పాలు తోడుపెట్టుకుంది. అంతే!

పొద్దున్నే అన్నయ్య చెప్పాడు. "నూటపన్నెండు లెక్కపెట్టానే! ఒక్కోటీ ఎంత పొడుగనుకున్నావు!" అని చేతులు చాపి చూపించాడు. నేను ఏడవలేదు గానీ, ఆ రోజు వాడితో మాట్లాడలేదు.

అయితే ఈ కథలో తిరకాసు ఒకటుంది. అప్పుడు కార్తీకమాసం. అదే తెల్లవారుజామున, నాలుగ్గంటలకి, నాయనమ్మ వెంట నేనూ కాలవకి స్నానానికి వెళ్ళాను. మా వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. కటిక చీకటి. కాలవగట్టు మీద నడుస్తుంటే తలపైన సర్రుమని సన్నటి వెలుగు గీత ఒకటి గీసుకుపోయింది. నేను నోరు తెరిచేలోగా నాయనమ్మ నా తల వంచేసింది. "రామ రామ అనుకో. చుక్క రాలిందంటే ఎక్కడో ఎవరో పోయారన్నమాట. చూడకూడదు." మొత్తం మీద తల వంచుకుంటూనే మూడు చూశాను. తర్వాత అరటిదొప్పలో దీపం పెట్టి వదలడం, అది ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టడం... ఎవరి దీపం మీద వాళ్ళ చూపు.

చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు నాకు, లియోనిడ్లు చూడటానికి అసలైన వేళ అదేనని! ఆ ఉల్కలు సింహరాశి వైపునుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. సింహరాశి బాగా పైకొచ్చేది తెల్లవారుజాముకే. అంటే డాబా మీదున్న అన్నయ్యకంటే మంచి చోట, మంచి వేళలో ఉన్నది మేమే. అసలు ఆ ఉదయం కాలవల దగ్గర, చెరువుల దగ్గర ఎంతమంది ఆడవాళ్ళు ఆ వాన కింద నిలబడి ఉంటారో! తలెత్తి ఉంటే కదా? తూర్పు ఆసియాలో, ఆస్ట్రేలియాలో ఆ రాత్రి గంటకు వేల లెక్కన రాలాయట. ఆ ఉల్కలకు మూలమైన టెంపుల్-టటిల్ తోకచుక్క 33 ఏళ్ళకోసారి సూర్యుడి దగ్గరకొస్తుంది. మళ్ళీ రావడం 2031లో. వచ్చినా అంతటి వాన కురుస్తుందన్న పూచీ ఏమీ లేదు.

ఆ తర్వాత డిగ్రీ, పెళ్ళి, కాపురం, పిల్ల, మధ్యాహ్నాలు రాసుకునే నాలుగు కథలు. ఆకాశం వైపు చూడటమంటే వడియాలు ఎండుతాయా, ఆరేసిన బట్టలు తడుస్తాయా అని చూడటమే అయిపోయింది. మీకు మాత్రం వేరేగా ఉందా, చెప్పండి?

మళ్ళీ తలెత్తించింది 2020 లాక్‌డౌన్. ఓ సాయంత్రం ఏడు దాటాక టెర్రస్ మీద బట్టలు తీస్తున్నాను. పడమటి వైపు నుంచి పెద్ద చుక్క ఒకటి లేచి, చప్పుడు లేకుండా, మిణుకుమనకుండా, నిదానంగా మా తలల మీదుగా నడుచుకుంటూ వెళ్ళింది. అప్పటికి ఏడేళ్ళున్న మా అమ్మాయి, "అమ్మా, విమానమా?" అంది. ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయిన రోజులవి! ఇద్దరం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే తూర్పున కాస్త దూరం ఉందనగా, లాంతరు వత్తి తగ్గించినట్టు మెల్లగా మసకబారి మాయమైపోయింది. మబ్బు కూడా లేదు అక్కడ.

అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. మనుషులు కాపురముంటున్న ఉపగ్రహం. 2000 నవంబరు నుంచి ఒక్కరోజు కూడా ఖాళీగా లేని ఇల్లు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గుంటూరు నుంచి తిరుపతి ఎంతో, నిట్టనిలువుగా ఇంచుమించు అంత. ఫుట్‌బాల్ మైదానమంత పొడవు. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. ఇక్కడ మనం కుక్కర్ పెట్టి, కూర వేయించి, పచ్చడి నూరేలోపు వాళ్ళకో పగలూ ఓ రాత్రీ గడిచిపోతాయన్నమాట.

మరి ఉపగ్రహానికి లైట్లుండవు కదా, ఎలా మెరుస్తుందీ అని మా అమ్మాయి నన్ను నిలదీసింది. చదివి తెలుసుకుని చెప్పాను. పొద్దుగుంకి వీధిలో చీకటి ముసురుకున్నాక కూడా గుడి గోపురం కలశం మీద కాస్త ఎండ తళతళలాడుతూ ఉంటుంది చూడండి, అదే కిటుకు. మనకు చీకటి పడినా, అంత ఎత్తున ఉన్నవాటి మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుంది. ఆ మెరుపే మనకు చుక్కలా కనిపిస్తుంది. భూమి నీడలోకి వెళ్ళగానే ఆరిపోతుంది. అందుకే ఇలాంటివి పొద్దుగుంకాక గంటా రెండు గంటలు, పొద్దు పొడవకముందు గంటా రెండు గంటలు బాగా కనిపిస్తాయి. నడిరాత్రి ఎంత వెతికినా అంతరిక్ష కేంద్రం మనకు దొరకదు. సాయంత్రం దీపం పెట్టే వేళ, పొద్దున ముగ్గు వేసే వేళ... రెండూ మనం బయటికొచ్చే వేళలే కావడం విశేషం కాదూ!

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఎరుపూ ఆకుపచ్చా దీపాలు మిణుకుమిణుకుమంటే అది విమానం. నిలకడైన వెలుగుతో, ఒకే తీరున సాగిపోతే ఉపగ్రహం. 'అదుగో' అనేలోపు మాయమైతే ఉల్క. అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా ఏ రోజు ఎన్నిగంటలకు, ఏ దిక్కునుంచి వస్తుందో చెప్పేందుకు నాసావారి 'స్పాట్ ది స్టేషన్' ఉంది, 'హెవెన్స్ అబవ్' ఉంది. ఫోన్లో చూసుకోవచ్చు. నిమిషం తేడా రాదు. మన బస్సులేవీ ఇంత నిక్కచ్చిగా రావు!

మా అత్తగారు మొదట్లో వీటిని నమ్మలేదు. "మనుషులుండటమేంటే, అంత చుక్కలో!" అనేవారు. ఆవిడను చుక్కల్లోకి దింపింది సునీతా విలియమ్స్. 2024 జూన్ 5న బయల్దేరి వెళ్ళిందా, ఎనిమిది రోజుల పని అన్నారా, తీరా వెళ్ళిన వాహనానికే ఇబ్బందులొచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ వార్త టీవీలో విన్నది మొదలు, కేంద్రం మా మీదుగా వెళ్ళే సాయంత్రాల్లో మా అత్తగారు ముందే కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. చుక్క కనబడగానే, "అమ్మాయ్, సునీతమ్మ ఇంకా దిగలేదా?" అని ఒకటే ప్రశ్న. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. "ఎనిమిది రోజులకని వెళ్ళి, పురిటికెళ్ళినట్టు తొమ్మిది నెలలుండిపోయిందే తల్లి!" అన్నారావిడ, 2025 మార్చిలో దిగిందని చెప్పగానే. మొత్తం 286 రోజులు. ఆ ఏడాదే జూన్‌లో మన శుభాంశు శుక్లా అక్కడికి వెళ్ళి జులైలో తిరిగొచ్చాడు. అన్నట్టు, ఈ ఇల్లు కూడా శాశ్వతం కాదు. పాతబడిందని, 2030 తర్వాత దాన్ని జాగ్రత్తగా కిందికి దింపి పసిఫిక్ మహాసముద్రంలో పడేయాలని నాసావారి ఆలోచన. ఇంతవరకూ చూడకపోతే ఈ నాలుగేళ్ళలోపే చూసేయండి మరి.

ఒకసారి తలెత్తడం అలవాటయ్యాక ఇంకేవేవో కనిపిస్తాయి. ఓ రాత్రి మా అపార్ట్‌మెంటు వాట్సాప్‌లో గగ్గోలు. ముత్యాల సరంలా పాతిక చుక్కలు బారులుతీరి వెళ్తున్నాయి, దేవతల రథమని ఒకరు, శత్రుదేశం పని అని ఒకరు. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 మే నుంచి వీటిని ఒక్కో రాకెట్టులో గుత్తులు గుత్తులుగా పంపుతున్నారు. పంపిన కొన్నాళ్ళు కోడివెనక పిల్లల్లా వరసగా వెళ్తాయి, తర్వాత విడిపోతాయి. పని చేస్తున్న ఉపగ్రహాలు ఇప్పుడు పదివేలు దాటాయి. ఖగోళ శాస్త్రజ్ఞులు తాము తీసే ఫొటోలన్నిటా ఈ గీతలే పడుతున్నాయని మొత్తుకుంటున్నారు. వాళ్ళ బాధ నిజమే. కానీ ఆ సరం చూసినప్పుడు అబ్బ అనిపించదా అంటే, అనిపిస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పడం?

అన్నీ ముచ్చటగా కూడా ఉండవు. 2022 ఉగాది, ఏప్రిల్ 2. ఆ రాత్రి మహారాష్ట్రలో జనం ఆకాశంలో మంటలు కక్కుతూ వెళ్తున్న వెలుగుల గుంపును చూసి ఉల్కాపాతమనుకున్నారు. అది చైనా రాకెట్టు తాలూకు శకలం. చంద్రపూర్ జిల్లా సిందేవాహీ ప్రాంతంలో పెద్ద లోహపు చక్రం ఒకటి నేలమీద పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఉల్కకీ దీనికీ తేడా కనిపెట్టొచ్చు. ఉల్క క్షణంలో ముగిసిపోతుంది. మనిషి పారేసిన తుక్కు నింపాదిగా, ముక్కలు ముక్కలుగా, ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా కాలుతూ పోతుంది.

ఇక, చూడాలన్నా కంటికి కనిపించనివి కొన్ని. శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరులో వెళ్ళిన వాతావరణ ఉపగ్రహానికి, కొలంబియా ప్రమాదం తర్వాత 2003 ఫిబ్రవరిలో కల్పనా చావ్లా పేరు పెట్టారు. కల్పన-1. అది 36 వేల కిలోమీటర్ల పైన, భూమితో సమానంగా తిరుగుతూ, ఒక్కచోటే నిలబడినట్టుండే రకం. దాని పని ముగిసి చాలాకాలమైంది. మనకు తుపాన్లు ముందుగా చెబుతున్నది దాని తర్వాతి వారసులే. నేను చెబుతున్న ఆ 2023 డిసెంబరులోనూ అంతే. 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. మా పుట్టింట్లోనూ పడిపోయింది. వారం తిరిగేసరికి ఏమీ ఎరగనట్టు ఆకాశం కడిగిన పళ్ళెంలా తేటపడింది. దానిమీద కోపమూ వచ్చింది, చూడాలనీ అనిపించింది.

ఎందుకంటే డిసెంబరు 14 ప్రాంతాల్లో వచ్చే జెమినిడ్ ఉల్కలు మన తెలుగునాడుకి దొరికే వాటిలో అన్నిటికంటే మంచివి. ఆగస్టు 12, 13 తేదీల పెర్సీడ్లకు పేరు ఎక్కువే గానీ, శ్రావణ మబ్బుల్లో మనకు దక్కేది తక్కువ. డిసెంబరులో మబ్బుండదు, ఉక్కపోతుండదు. పైగా ఆ ఏడు సరిగ్గా అమావాస్య వెళ్ళిన మర్నాడే. వెన్నెల బెడద లేదు.

ఉల్క అంటే చుక్క రాలడం కాదు. చుక్కలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. తోకచుక్కలు, గ్రహశకలాలు తాము తిరిగే దారిలో దుమ్ము వదులుతూ పోతాయి. ఏటా భూమి ఆ దుమ్ముదారిని దాటేటప్పుడు ఇసుకరేణువంతవి, ఆవగింజంతవి, మహా అయితే శనగగింజంతవి మన గాలిలోకి దూసుకొస్తాయి. ఆ వేగానికి ముందున్న గాలి నొక్కుకుపోయి భగ్గుమంటుంది. గింజ కాలి ఆవిరైపోతుంది. ఇదంతా మనకు వంద కిలోమీటర్ల ఎత్తున. జెమినిడ్ల వేగం సెకనుకు 35 కిలోమీటర్లు. ఇంకోలా చెప్పాలంటే గుంటూరులో బయల్దేరి ఒక్క సెకనులో విజయవాడ! వీటికి మూలం తోకచుక్క కాదు, ఫేథాన్ అనే గ్రహశకలం. దాన్ని 1983లో ఒక ఉపగ్రహం తీసిన చిత్రాల్లోనే కనిపెట్టారు.

మిథునరాశిలో, పునర్వసు దగ్గరనుంచి చిమ్మినట్టు కనిపిస్తాయివి. పునర్వసు ఏమిటో మనకు వేరే చెప్పాలా, శ్రీరాముడి నక్షత్రం! ఆ రోజుల్లో అది నడినెత్తికి వచ్చేది అర్ధరాత్రి దాటి రెండు గంటల ప్రాంతంలో. అదీకాక అర్ధరాత్రి దాటాక భూమి తిరిగే దిక్కుకి మనం ఎదురుగా ఉంటాం. వానలో స్కూటర్ మీద వెళ్తే వీపుకంటే ఎదురురొమ్మే ఎక్కువ తడుస్తుంది కదా, అలాగే ఉల్కలూ అప్పుడు ఎక్కువ తగులుతాయి. కనుక ఎలా చూసినా మేలుకోక తప్పదు. టెర్రస్ తాళమూ తీయించక తప్పదు.

సెక్రటరీగారి దగ్గరనుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాను. మావారు, "పోనీ నేను మాట్లాడనా?" అన్నారు. మంచి మనిషే. కానీ ఆయన అడిగితే తాళం వచ్చేస్తుందని మా ఇద్దరికీ తెలుసు, నాకది మింగుడు పడటం లేదనీ తెలుసు. మా అమ్మాయి నోట్‌బుక్కులో గడులు గీసుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. అప్పుడు లేచారు మా అత్తగారు.

ఆవిడ వెళ్ళింది పోలి బలంతో! ముందురోజే, 13వ తేదీ, పోలి పాడ్యమి. కాలవల్లేవు కనుక మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు తెల్లవారుజామున నాలుగ్గంటలకి టెర్రస్ మీద ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళు పోసి, అరటిదొప్పల్లో దీపాలు వదిలారు. పోలి కథ మా అత్తగారే చెప్పారు. మీకూ తెలిసిందే. అయిదుగురు కోడళ్ళలో ఆఖరిది పోలి. అత్త మిగిలిన కోడళ్ళను వెంటబెట్టుకుని కార్తీక స్నానాలకు వెళ్తూ, పోలిని మాత్రం ఇంటిపనికి వదిలేస్తుంది. దీపం పెట్టుకోకుండా నూనె, వత్తి దాచేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసుకుని, కవ్వానికంటిన వెన్నతో దీపం వెలిగించి, ఎవరికంటా పడకుండా బుట్ట బోర్లిస్తుంది. చివరికి ఆ పిల్ల కోసమే విమానం దిగుతుంది, బొందితో స్వర్గానికి వెళ్తుంది.

"నిన్న తెల్లవారుజామున నాలుగింటికి ఇరవైమంది ఆడవాళ్ళకి తాళం తీశావు కదా నాయనా! నాలుగింటికి లేని భయం ఒంటిగంటకెందుకొచ్చింది?" అని అడిగారట మా అత్తగారు.

"దీపాలంటే దైవకార్యం కదండీ పిన్నిగారూ..."

"ఇవి మాత్రం ఎవరు పెట్టిన దీపాలు?"

పది నిమిషాల్లో తాళంచెవి చేతిలో ఊపుకుంటూ వచ్చేశారు. వాచ్‌మన్ తోడుండాలి, గోల చేయకూడదు, పుస్తకంలో సంతకం పెట్టాలి. మూడు షరతులు.

వాచ్‌మన్ నిద్రమత్తులో తన భార్యను పంపాడు. రెండో అంతస్తులో ఉండే నర్సు కూడా, ఆ రాత్రి డ్యూటీ లేదట, దుప్పటి కప్పుకుని వచ్చింది. "నెలలో సగం రాత్రులు మేలుకునే ఉంటాను. ఆటోలోంచి రోడ్డు తప్ప ఏమీ చూడను" అంది. మొత్తం అయిదుగురం. వీధిదీపం కళ్ళలో పడకుండా వాటర్ ట్యాంకు నీడన చాపలు పరిచాం. మంకీ క్యాపులు, శాలువలు, దోమల చక్రం, ఫ్లాస్కులో టీ. ఫోన్లు బోర్లించాం. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్ళీ మొదటికే! టెలిస్కోపు, బైనాక్యులర్స్ ఏవీ అక్కర్లేదు. ఎక్కడ మెరుస్తుందో తెలియదు కనుక ఎంత ఎక్కువ ఆకాశం కంటికి ఆనితే అంత మేలు. వెల్లకిలా పడుకోవడమే సాధన. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. భయపెట్టడానికి కాదు, 'అదుగో' అంటే 'ఏదీ' అనే మనిషి పక్కన లేకపోతే సగం సరదా ఉండదు.

మొదటి పావుగంట ఏమీ లేదు. మా అమ్మాయి నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. మా అత్తగారు పడమటికి వాలుతున్న చిన్న చుక్కల గుత్తి చూపించి, "అదుగో పిల్లలకోడి. కృత్తికలంటారే, అవే. మా చిన్నప్పుడు గడియారం లేదు, కోడి ఎక్కడిదాకా వెళ్ళిందో చూసే మా అమ్మ లేచేది" అన్నారు. ఈ సంగతి పదిహేనేళ్ళ కాపురంలో నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

అంతలో వాచ్‌మన్ భార్య, "అదుగోనమ్మా" అంది నెమ్మదిగా. మేం తల తిప్పేసరికి లేదు. నిమిషం తర్వాత మళ్ళీ "అదుగో." మా నలుగురికంటే ఆవిడకే ఎక్కువ దొరికాయి ఆ రాత్రి. పల్నాడు వాళ్ళది. "మిరప కల్లాల కాడ కాపలా పడుకునేటప్పుడు రోజూ కనపడేయి. ఇవి చూట్టానికని పనిగట్టుకుని లేస్తారని తెలీదమ్మా!" అని నవ్వింది.

రెండు గంటలకు కాస్త ముందు వచ్చిందొకటి. పునర్వసు పక్కనుంచి బయల్దేరి, తెల్లగా, లావుగా, తూర్పుకి స్టేషన్ వైపు చీల్చుకుంటూ పోయింది. అయిదుగురం ఒకేసారి 'అమ్మో' అన్నాం. గోల చేయకూడదన్న షరతు అక్కడితో సరి! ఎక్కడో కింద ఒక లైటు వెలిగింది. అలవాటు కొద్దీ మా అత్తగారు "రామ రామ" అనేశారు. నాకు కాలవగట్టు గుర్తొచ్చి, నా చెయ్యి నాకు తెలియకుండానే మా అమ్మాయి తల వైపు వెళ్ళింది. వంచడానికి కాదులెండి. మంకీ క్యాపు కళ్ళమీదికి జారుతుంటే పైకి నెట్టాను. "రాముడి చుక్క దగ్గర్నుంచే వచ్చిందన్నావుగా, రామ రామ అంటే తప్పేముందిలే" అని తనకు తనే సర్దిచెప్పుకున్నారు మా అత్తగారు.

రెండున్నరకు కిందికి దిగాం. ముప్ఫై ఒకటి. జెమినిడ్లు గంటకు నూరు పైచిలుకు అని చదివి ఉంటారు. ఆ లెక్క ఊరి దీపాలేవీ లేని చిమ్మచీకటికి. పట్నంలో అందులో నాలుగో వంతు దొరికితే గొప్ప. పల్లెలో పుట్టిల్లున్నవాళ్ళు డిసెంబరులో రెండు రోజులు వెళ్ళగలిగితే వెళ్ళండి. మే 5, 6 తేదీల్లో తెల్లవారుజామున కూడా కొన్ని వస్తాయి, హేలీ తోకచుక్క వదిలిన దుమ్ము. ఎండాకాలం కనుక ఎలాగూ డాబాల మీదే పడుకుంటాం. ఆ తోకచుక్క నేను పుట్టకముందు 1986లో వచ్చి వెళ్ళింది, మళ్ళీ 2061లో. అప్పటికి నేను మా అత్తగారికంటే పెద్దదాన్నయి ఉంటాను. దుమ్ము మాత్రం ఏటా వస్తుంది.

తెల్లారి అమ్మాయిని నిద్రకళ్ళతోనే స్కూలుకి పంపి, హైదరాబాదులో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. "నీ నూటపన్నెండు ముందు మా ముప్ఫై ఒకటి ఏపాటిలే!" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నవ్వాడు.

"నిజం చెప్పనా? నలభై దాకా లెక్కపెట్టి నిద్రపోయానే. చలేసి దుప్పటి ముసుగెట్టాను. లేచేసరికి తెల్లారిపోయింది. నువ్వు పొద్దున్నే వచ్చి అంత ఆశగా అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా!"

ఇరవై రెండేళ్ళు మోశాను నేను ఆ నూటపన్నెండునీ. ఒక కథలో వాడుకున్నాను కూడా.

సాయంత్రం మా అమ్మాయి నోట్‌బుక్కు తీసి చూశాను. ఏ టైముకి, ఏ దిక్కున, ఎంత వెలుగని గడుల్లో వరసగా రాసుకుంది. అడుగున మొత్తం 31 అని వేసి, దాని పక్కన చిన్న అక్షరాలతో 'రెండు అనుమానం' అని రాసింది.